సౌండ్ రూం పక్క గది

మా ఆయనకో జబ్బుంది. ఎవరింటికి వెళ్లినా, వాళ్లింకా మంచినీళ్లు ఇవ్వకముందే, గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొడతారు. గోడలు ఎలా మోగుతున్నాయో వినాలట. ఒకసారి ఎవరో పోతే పలకరించడానికి వెళ్లాం. అక్కడా కొట్టారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన తమ్ముడిది, అంటే మా మరిదిది, ఇంకో జబ్బు. సినిమాలో హెలికాప్టర్ వచ్చిందంటే అది ముందు గోడలోంచి లేచి, తన నెత్తి మీదుగా వెళ్లి, వెనక గోడలో దిగాలి. దిగకపోతే ఆ రోజు అన్నం సహించదు.

ఈ ఇద్దరు మహానుభావులకీ కలిపి మా ఇంట్లో ఉన్నది ఒకటే గది. సౌండ్ రూం అంటాం. ముందు గోడ దగ్గర రెండు పొడుగాటి స్పీకర్లు, అవి మా ఆయనవి. నేలమీద వాటి కాళ్ల చుట్టూ తెల్ల టేపు అంటించుకున్నారు. అవి అర అంగుళం జరిగితే ఆయనకి తెలిసిపోతుంది. నేను పుట్టింటికెళ్లి రెండ్రోజులుండి వచ్చినా తెలీదు, అది వేరే సంగతి. ఆ స్పీకర్లకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఒక్క కుర్చీ. పాట అక్కడ కూర్చుని వింటేనే పాటట. పక్కన కూర్చుంటే వట్టి చప్పుడట.

శనివారం రాగానే మా మరిది ఆ కుర్చీ బయటికి నెట్టి సోఫా లోపలికి లాగేవాడు. ఆదివారం పొద్దున్నే మా ఆయన సోఫా బయటికి లాగి కుర్చీ లోపలికి నెట్టేవారు. ఆ ఇంటి కోడలిగా నేను చూసిన కదలికలో సగం ఆ సోఫాదే.

ఆ వేసవి సెలవుల్లో అసలు గొడవ మొదలైంది. నేను బళ్లో లెక్కల టీచర్ని కాబట్టి సెలవులంటే ఇంట్లోనే. పిల్లలిద్దరూ మా అమ్మ దగ్గరికెళ్లారు. ఎండకి గోడలు కాలిపోతున్నాయి. ఒక ఆదివారం పొద్దున సౌండ్ రూంలోంచి కేక వినిపించింది.

"ఎవడ్రా దీన్ని ముట్టుకుంది?"

"నేనే. ముందు పక్క నా సినిమా స్పీకర్ల జత కూడా పెట్టాలి. చోటు లేదు, కొంచెం జరిపాను" అన్నాడు మరిది.

"కొంచెం! ఆ కొంచెం ఎంతో తెలుసా నీకు? పాడే మనిషి మధ్యలో నిలబడాల్సింది, ఎడమపక్క తలుపు దగ్గరికెళ్లి పాడుతున్నాడు!"

"అయితే తలుపు దగ్గర కుర్చీ వేసుకో."

"ఒరేయ్, నీకు తమాషాగా ఉందా?"

"ఈ గది నీ ఒక్కడిదా అన్నయ్యా? నేనూ ఈ ఇంట్లోనే పుట్టాను."

"సరే, నీకంత ఉంటే నీ ఇంట్లో నువ్వు పెట్టుకో, ఎన్ని హెలికాప్టర్లు కావాలంటే అన్ని ఎగరేసుకో."

ఆ మాట అన్నాక ఇద్దరూ ఆగిపోయారు. అనకూడని మాట అని ఆయనకీ తెలిసింది. కానీ నోటితో వెనక్కి తీసుకునే అలవాటు ఆ వంశంలో లేదు. మా అత్తగారు హాల్లోంచే, "ఇద్దరికీ చెవులుండబట్టే ఈ పాట్లు" అని మళ్లీ పేపర్లోకి తల దూర్చింది.

ఆ రోజు నుంచి ఉప్పూ నిప్పూ. మాటలన్నీ నా మీదుగానే. "మీ మరిదికి చెప్పు, బండి అడ్డంగా పెట్టాడని." "వదినా, అన్నయ్యకి చెప్పు, తాళాలు తన జేబులోనే ఉన్నాయని." ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే అనుకునేవారు ఈ మాటలు. మధ్యలో నేను పోస్టాఫీసులా కూర్చునేదాన్ని.

నాలుగు రోజులు పోయాక డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే మా తోడికోడలు వచ్చింది. దాన్ని ఇంట్లో అందరం మాత్ర అంటాం. మందుల షాపులో పని చేస్తుంది, మనిషి కూడా అంతే ఉంటుంది, తలనొప్పి అనే మాట పూర్తికాకముందే చేతిలో మాత్ర పెడుతుంది. పెళ్లయి వచ్చి ఆరేళ్లయింది. వాళ్లకింకా పిల్లల్లేరు.

"అక్కా, ఫ్లాట్ చూసొచ్చాం" అంది దుప్పటి అవతలి కొస పట్టుకుని.

"ఎవరికి?"

"మాకే. రోజూ ఈ మౌనాలు భరించలేను, విడిగా వెళ్లిపోదాం అన్నాడు మీ మరిది. నేనూ వెళ్లి చూశాను. మళ్లీ బళ్లు తెరిచేలోగా ఫ్లాటు వాళ్లకి ఏ మాటా చెప్పాలి."

"బాగుందా?"

"బానే ఉంది" అంది దుప్పటి మడత పెడుతూ.

నాకు గుండెల్లో రాయి పడింది. పైకి మాత్రం, "మడత సరిగ్గా పట్టు, వంకర పోతోంది" అన్నాను.

నేనేం దాచుకోను. ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి అదొక్కతే. మా ఆయన మంచివారే, కాదనను. కానీ ఆయనకి నేను చెప్పేది స్పీకర్లోంచి రావాలి. మా అత్తగారు వినదు, తీర్పు చెబుతుంది. బళ్లో జరిగినవీ, ఒంట్లో బాగోనివీ, ఎవరిమీదో మండిపోయినవీ, అన్నీ నేను మాత్రకే చెప్పుకునేదాన్ని. సాయంత్రం అది షాపు నుంచి వచ్చే టైమయితే నా కాళ్లు వాటంతటవే వీధి గుమ్మం దగ్గరికి వెళ్లేవి. అది వెళ్లిపోతే నేను ఏమైపోవాలి? ఆ ఆలోచన పట్టుకున్నాక నాకు కుదురు పోయింది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మర్నాటికి ఒక ఉపాయం తట్టింది. గొడవంతా ఆ గది మీదే కదా. గది ఇద్దరికీ సరిపోయిందంటే వెళ్లడానికి కారణమే ఉండదు. లెక్క సరిగ్గానే ఉందనుకున్నాను.

టిఫిన్ దగ్గర మా ఆయనతో, "మీ తమ్ముడు ఏమంటున్నాడో విన్నారా? పాటకీ సినిమాకీ ఒకే గది కుదరదట. కుదిరేలా చేయడం అన్నయ్య వల్ల కాదట" అన్నాను.

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. "నా వల్ల కాదన్నాడా?"

"నాకెందుకు లెండి, విన్నది చెప్పాను."

తర్వాత మరిది చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వెళ్లి, "మీ అన్నయ్య ఏమంటున్నారో విన్నావా? సినిమా వాళ్లకి సౌండంటే ఏంటో తెలీదట. ఇద్దరికీ కుదిరే గది చేయడం నీ బుర్రకి అందదట" అన్నాను.

ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉంచేసి అలాగే నిలబడ్డాడు. "చొక్కా కాలుతుంది నాయనా" అని చెప్పాల్సొచ్చింది.

ఆ సాయంత్రం సౌండ్ రూంలోంచి మాటలు వినిపించాయి. తిట్లనుకుని పరుగెత్తాను. తిట్లు కావు. మా ఆయన ఆంప్లిఫయర్ని వెనక్కి తిప్పి, ఇద్దరూ నేలమీద బోర్లా పడుకుని, టార్చి వేసి దాని వెనక భాగం చూస్తున్నారు.

"ఇదేంటన్నయ్యా, ఈ రంధ్రం?"

"ఏమో, ఎప్పుడూ వాడలేదు."

"ఇది సినిమాకే! నా సినిమా పెట్టెని దీన్లోకి కలిపితే సినిమాకి కూడా నీ పెద్ద స్పీకర్లే మోగుతాయి. నువ్వు పాట పెట్టుకున్నప్పుడు నా పెట్టె అసలు ఆన్ చేయక్కర్లేదు. దేనికదే."

"అంటే ముందు పక్క రెండో జత అక్కర్లేదా?"

"అక్కర్లేదు. జరపక్కర్లేదు కూడా."

మా ఆయన లేచి కూర్చున్నారు. ఆ ఆంప్లిఫయర్ మా పెళ్లికి ముందు నుంచీ ఉంది, దాంతోపాటు ఆ రంధ్రమూ ఉంది. ఇన్నేళ్లు ఆ సోఫా ఎందుకు చచ్చిందో దేవుడికే తెలియాలి. ఆయన తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బకి అర్థం క్షమించరా అని. వాడికి అర్థమైంది.

ఇక ఆ మర్నాటి నుంచి ఇల్లు పీకి పందిరేశారు.

టీవీ స్టాండు పోయింది. దాని బదులు కావాల్సినప్పుడు కిందికి దిగే తెర వస్తుందట, లేనప్పుడు గోడ గోడలా ఉంటుందట. సోఫా బదులు రెండు వరసల సీట్లు, ముందు వరసలో నడిమి సీటు మా ఆయన కుర్చీ ఉన్న చోటే. గోడలకి దూది కుక్కిన పలకలు, పైన ఇంకొన్ని పలకలు, కింద మందం తివాచీ. వడ్రంగి వచ్చాడు. రోజూ రేపు అయిపోతుంది అనేవాడు. సోఫా మా పడకగదిలో తిష్ట వేసింది. రికార్డులు వంటింట్లో బియ్యం డబ్బాల పక్కన చేరాయి. పప్పు కోసం చెయ్యి పెడితే ఏదో పాటగత్తె మొహం చేతికొచ్చేది. రంపపు పొట్టు అన్నంలో, దువ్వెనలో, మా అత్తగారి కళ్లజోడు పెట్టెలో.

"నన్ను కూడా ఒక పలకలో కుక్కి గోడకి కొట్టేయండి, పీడా పోతుంది" అనేది ఆవిడ.

అన్నదమ్ములిద్దరూ చిన్నపిల్లలైపోయారు. ఒకరి నోట్లోంచి మాట రాకముందే ఇంకొకరు అందుకునేవారు. భోజనాల దగ్గర చెంచాలు స్పీకర్లు, పచ్చడి గిన్నె సీటు, మధ్యలో ఉప్పు డబ్బా అడుగు మోత మోగించే సబ్ వూఫర్. ఉప్పు కావాలంటే అరగంట ఆగాల్సిందే. నాకు విసుగొచ్చేది, చెమట పట్టేది, ఒక చోట కూర్చునే వీలు లేదు, ఒక వస్తువు ఉన్నచోట లేదు. అయినా లోపల నెత్తిన పాలు పోసినట్టుండేది. ఫ్లాటు మాట ఎవరూ ఎత్తలేదు. నేను అసలే ఎత్తలేదు.

మాత్ర షాపు నుంచి వచ్చి, చీపురు తీసుకుని, పొట్టు ఊడ్చేది. "చూశావా, ఎలా కలిసిపోయారో!" అంటే, "నువ్వే కదక్కా కలిపింది" అనేది. నేను ఉబ్బిపోయేదాన్ని.

పని దాదాపు అయిపోయింది. తెర దిగుతోంది, ఎక్కుతోంది. మరిది హెలికాప్టర్ నెత్తిమీంచి వెళ్లి వెనక దిగింది. మా ఆయన పాటగాడు మధ్యలో నిలబడి పాడాడు. ఇక ఆఖరి పరీక్షట. సన్నటి మైకు ఒకటి నడిమి సీటులో నిలబెట్టి, స్పీకర్లలోంచి ఒక కూత వదులుతారు. అది ఎక్కడో అడుగున గేదె రంకెలా మొదలై, సాగి సాగి ఈలై, చెవికి అందకుండా పోతుంది. ఏ స్థాయి దగ్గర గది ఎలా మోగుతోందో కంప్యూటర్ గీత గీసి చూపిస్తుంది.

మొదటి కూత వదలగానే మా ఆయన చెయ్యెత్తారు. "ఆపు. విన్నావా?"

"విన్నాను. ఎక్కడో జిర్రుమంది."

మళ్లీ వదిలారు. అడుగు స్థాయిలో, ఒక్క చోట, సన్నగా జిర్ర్ర్. వాళ్ల మొహాలు చూడాలి. కొత్త కారు మీద గీత పడినట్టు ఉన్నాయి. స్పీకర్ మరలు బిగించారు. సీట్లు కదిపి చూశారు. వడ్రంగిని పిలిచి పై పలకలన్నీ ఊడదీయించి మళ్లీ పెట్టించారు. జిర్రుమంటూనే ఉంది. రెండు రోజులు అన్నం తింటున్నా దాని గురించే. మా ఆయన ఉన్నట్టుండి లేచి వెళ్లి గోడకి చెవి ఆనించేవారు.

"గదిలోది కాదన్నయ్యా. ఇంట్లో ఇంకెక్కడో ఏదో అదురుతోంది. కూతని ఆ స్థాయి దగ్గరే ఆపి పట్టుకుంటాను. ఎవరైనా ఇల్లంతా తిరిగి వినాలి" అన్నాడు మరిది.

ఎవరైనా అంటే నేనే. మాత్ర షాపులో ఉంది. వాళ్లిద్దరూ గదిలో కూత పట్టుకుని కూర్చున్నారు, నేను బయల్దేరాను. ఇల్లంతా ఆ రంకె నిండిపోయింది. నోట్లో పళ్లు కూడా వణుకుతున్నాయి. వంటింట్లో గిన్నెల మీద చేతులు పెట్టి చూశాను. కాదు. హాల్లో మా అత్తగారు, "నా పళ్ల సెట్టు గ్లాసులో ఉంది, కావాలంటే చూసుకో" అంది. అదీ కాదు. కిటికీ చువ్వలు కాదు, గోడ గడియారం కాదు. సౌండ్ రూం పక్క గదిలోకి వెళ్లాను. అది మాత్ర వాళ్ల గది.

లోపల అడుగు పెట్టగానే దొరికింది. బీరువాలోంచి వస్తోంది. తలుపు లాగి తీశాను. కింది అరలో చీరల వెనక ఒక అట్టపెట్టె, దానిలో గాజు గ్లాసులు, లేతాకుపచ్చవి, ఒకదానికొకటి తగిలి జిర్రుమంటున్నాయి. పక్కనే నాలుగు ప్లేట్లు, ఒక టీ కెటిల్. మడత పెట్టిన కర్టెన్లు, అవీ లేతాకుపచ్చే. ఒక కర్టెన్ విప్పి చూశాను. మా ఇంట్లో కిటికీలు పొట్టివి. ఇది నేల దాకా జారేంత పొడుగుంది.

పెట్టె మీద షాపు పేరుంది. మాత్ర వాళ్ల షాపు ఎదురుగా కొత్తగా పెట్టిన సామాన్ల కొట్టు. అది తెరిచి వారం కూడా కాలేదు. రిబ్బను కత్తిరించారని అదే నాకు చెప్పింది. అప్పటికి అన్నదమ్ములు కలిసిపోయి చాలా రోజులైంది.

"వదినా, దొరికిందా?" అని మరిది గోడవతలి నుంచి అరిచాడు.

నేను ఒక తువ్వాలు తీసుకుని గ్లాసుల మధ్య కుక్కాను. జిర్రుమనడం ఆగిపోయింది. కర్టెన్ ఉన్న మడతల్లోనే మడత పెట్టి బీరువా తలుపు వేశాను.

"ఆగింది! వదినా, నువ్వు దేవతవి! ఏంటది?"

"ఏం లేదు. గ్లాసులు" అన్నాను.

ఆ సాయంత్రం వీధి గుమ్మం దగ్గరికి వెళ్లలేదు. వంటింట్లోనే ఉండిపోయాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మాత్ర వచ్చి, కాళ్లు కడుక్కుని, తన గదిలోకి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. తువ్వాలు చూసుకుందని నాకర్థమైంది. మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నోరెత్తలేదు. రెండు రోజులు అలా గడిచాయి. ఆ రెండు రోజులు నేను పడ్డ యాతన చెప్పలేను. ఒకసారి కోపం, ఒకసారి ఏడుపు, ఒకసారి ఆ గ్లాసులన్నీ నేలకేసి కొట్టాలని.

దానికి సెలవున్న రోజు, మధ్యాహ్నం, మా ఆయనా మరిదీ ఏవో వైర్లు కొనడానికి వెళ్లారు. మా అత్తగారు హాల్లో కునుకు తీస్తోంది. అది నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇలా రా" అని సౌండ్ రూంలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

ఆ గది పూర్తయ్యాక నేను ఊరికే అందులో నిలబడడం అదే మొదలు. వీధిలో బండ్ల మోత లేదు, ఫ్యాన్ల రొద లేదు. మాట నోట్లోంచి బయటికొచ్చి అక్కడే పడిపోతుంది, ఎటూ పోదు. ముందు వరసలో పక్క పక్కన కూర్చున్నాం.

"అక్కా, ఫ్లాటు కావాలన్నది ఆయన కాదు. నేనే."

నేను దాని వైపు తిరిగాను.

"ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. నీకెలా చెప్పాలో తెలీలేదు. వాళ్లిద్దరూ పోట్లాడుకుంటే పాపం అనుకుంటూనే లోపల సంతోషపడ్డాను, ఛీ. ఆ కోపంలో మీ మరిది వెళ్లిపోదాం అన్నాడు, నేను సరేనన్నాను. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. ఇంతలో నువ్వు వాళ్లని కలిపేశావు."

"నేనేం చేశానే నీకు?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమీ చేయలేదక్కా. అదే కదా కష్టం. నువ్వు చెడ్డదానివైతే ఎప్పుడో తిట్టేసి పోయేదాన్ని. నువ్వు అన్నీ చేసేస్తావు. నాకు జ్వరమొస్తే నాకంటే ముందు నీకే తెలుస్తుంది. నా చీరకి ఫాల్ నువ్వే కుట్టేస్తావు. నాకు వంకాయ పడదని నువ్వే చెప్పావు, నేను ఒప్పుకున్నాను. మొన్న ఒకళ్లింట్లో తిన్నాను. బాగుంది." కొంచెం నవ్వింది. మళ్లీ మొహం ముడుచుకుపోయింది. "ఆ కొట్లో కర్టెన్లు చూపించి ఏ రంగు కావాలమ్మా అన్నాడు. అక్కా, నాకు ముప్పై దాటాయి. ఏ రంగు కావాలో నాకు తెలీలేదు. గంటసేపు అలా నిలబడిపోయాను. వాడు స్టూలు తెచ్చి వేశాడు."

"నన్ను పిలిస్తే అయిదు నిమిషాల్లో తేల్చేసేదాన్ని కదే."

"అందుకే పిలవలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆరేళ్లు కడుపులో పెట్టుకుని చూసుకుంటే ఇదా అనిపించింది. ఎన్నో మాటలు నాలుక చివరికి వచ్చాయి. ఆ గదిలో ఏ మాట అన్నా గోడలు దాన్ని మెత్తబరచవు, అన్నది అన్నట్టే ఉంటుంది. భయమేసింది.

"నువ్వు వద్దంటే వెళ్లను" అంది అది, నేలకేసి చూస్తూ. "నిజంగా చెబుతున్నాను. ఆ సామాన్లు వెనక్కి ఇచ్చేస్తాను. నిన్ను ఏడిపించి నేను ఉండలేను."

వద్దు అంటే చాలు. ఒక్క మాట. దానికోసమే కదా నేను వేసవంతా గడ్డి కరిచింది, అబద్ధాలాడింది, పొట్టు తిన్నది. అది ఎదురుగా కూర్చుని ఆ మాట నా చేతిలో పెట్టేసింది, తలనొప్పికి మాత్ర పెట్టినట్టు. నేను దాని తలకేసి చూశాను. పాపిటలో రంపపు పొట్టు ఇంకా ఉంది. తుడవబోయి ఆగాను.

"ఆ గ్లాసుల రంగు ఏం బాలేదు" అన్నాను.

అది తలెత్తింది. "నాకు నచ్చింది" అంది.

ఆరేళ్లలో నా మాటకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక అదే బిత్తరపోయింది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చేసింది. అది కూడా మొదలెట్టింది. ముక్కు చీదుకుని, "అయితే వెళ్లు" అన్నాను. "వెళ్లి ఆ గ్లాసుల్లోనే తాగు. మళ్లీ నా దగ్గరికొచ్చి బాలేదని చెప్పావో, చంపేస్తాను."

మా మరిదికి చెబితే ఎగిరిపడ్డాడు. "ఇప్పుడా? గది ఇప్పుడే కదా పూర్తయింది! నాకేం పిచ్చా?" అని రెండ్రోజులు ఇల్లంతా తిరిగాడు. శని ఆదివారాలు ఇక్కడికే రావొచ్చని మాత్ర చెప్పాక మెత్తబడ్డాడు. మా ఆయన సాయంత్రం గదిలోకెళ్లి పాట పెట్టుకుని, పాట సగంలో ఆపేసి, "వాడి సీటు వాడిదే, ఎవరూ కూర్చోకండి" అన్నారు. ఎవరు కూర్చుంటారు? మా అత్తగారు మాత్రం, "వెళ్లనీ, దానికీ ఓ పొయ్యి ఉండాలి" అంది. నాకు ఆ మాట ఆవిడ నోట వినడం కష్టంగానే ఉంది.

సామాన్లు సర్దేటప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవడం నా తరం కాలేదు. పెట్టెల్లో నేను సర్దినవి అది తీసి మళ్లీ సర్దుకుంది. నోరు మూసుకున్నాను. వెళ్లేటప్పుడు ఇద్దరం ఏడవలేదు, వ్యాన్ వాడు హారన్ కొడుతున్నాడు.

బళ్లు తెరిచారు. మొదటి వానలు పడ్డాయి. సాయంత్రాలు ఎలా గడిచాయో నన్నడక్కండి. వాళ్లు రమ్మన్నా, వారం పైన బిగబట్టుకుని, ఒక ఆదివారం ఆ ఫ్లాటుకి ఒక్కదాన్నే బయల్దేరాను. చేతిలో ఏమీ పట్టుకెళ్లలేదు. రెండుసార్లు డబ్బా నింపి, రెండుసార్లూ వెనక్కి పెట్టేశాను.

మెట్లెక్కి గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు కొంచెం తీసే ఉంది. లోపల గిన్నెల చప్పుడు, దాని చెప్పులు టపటపమనడం. మా ఇంట్లో అయితే దాని గది తలుపు నేనెప్పుడూ తట్టలేదు, తోసుకుని వెళ్లిపోయేదాన్ని. బెల్లు ఎక్కడుందో వెతికి నొక్కాను.

"ఎవరూ?" అంది లోపల్నుంచి.

ఆ ప్రశ్న అది నన్ను ఎప్పుడూ అడగలేదు.

"అక్కని" అన్నాను.

"అయ్యో అక్కా! ఒక్క నిమిషం ఆగు, ఇల్లంతా చిందరవందరగా ఉంది!" అంటూ అటూ ఇటూ పరుగెత్తుతోంది.

చెయ్యి దానంతటదే తలుపు మీదికి పోయింది. వెనక్కి తీసుకుని, గుమ్మం బయటే నిలబడ్డాను.